‘ఓకే సార్’ అనే జట్టుతో పని చేయించడం ఎలా?

ప్రశ్న: నా వయసు 33 ఏళ్లు. మాది సూర్యాపేట జిల్లా. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, 8 ఏళ్లుగా జీడిమెట్లలోని ఒక బల్క్ డ్రగ్ (మందుల తయారీకి వాడే ముడి ఔషధం) కంపెనీలో పనిచేస్తున్నాను. 5 నెలల క్రితం నన్ను షిఫ్ట్ ఇన్‌చార్జిని చేశారు. నా కింద 14 మంది ఉన్నారు. సగం మంది తెలుగువాళ్లు, మిగతావాళ్లు ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులు. నేను పక్కన నిలబడితే పని సవ్యంగా సాగుతుంది, అటు తిరిగితే మందగిస్తుంది. వాట్సాప్ గ్రూపులో ఏ సూచన పెట్టినా అందరూ ‘ఓకే సార్’ అంటారు, చేసేది మాత్రం పాత పద్ధతిలోనే. 22 ఏళ్ల అనుభవమున్న సీనియర్ ఆపరేటర్ ఒకాయనను ఇదివరకు ‘అన్నా’ అని పిలిచేవాణ్ని. ఇన్‌చార్జి అయ్యాక హోదా నిలబడాలని పేరు పెట్టి పిలుస్తున్నాను. ఆయన ఇప్పుడు అవసరానికి మించి ఒక్క మాట కూడా మాట్లాడరు. 2 నెలల క్రితం సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి ద్రవాన్ని వేరుచేసే యంత్రం) దగ్గర ఒక హెల్పర్ చేసిన పొరపాటుకు అందరి ముందూ అరిచాను. గత నెల నైట్ షిఫ్టులో, 60 డిగ్రీలు దాటకూడని ఒక బ్యాచ్ ఉష్ణోగ్రత 68కి వెళ్లింది. ఆపరేటర్ నాకు చెప్పకుండా లాగ్ షీటులో 59 అని రాశాడు. ల్యాబులో ఇంప్యూరిటీ ఎక్కువ వచ్చాక గానీ సంగతి బయటపడలేదు. మా ప్లాంట్ మేనేజర్ ‘నువ్వు మరీ మెత్తన, కాస్త గట్టిగా ఉండు’ అంటున్నారు. జీతం పెంచే అధికారం, ఇన్సెంటివ్ ఇచ్చే అధికారం నాకు లేవు. మరి వీళ్లలో ఉత్సాహం ఎలా తేవాలి? నాయకత్వం పుట్టుకతోనే రావాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: మీ ఉత్తరంలో పని మందగించడం గురించి, వాట్సాప్ గురించి వివరంగా రాసి, లాగ్ షీటు సంగతి చివరికి వచ్చేసరికి నాలుగు ముక్కల్లో ముగించారు. నా చూపు మాత్రం ఆ 59 అనే అంకె దగ్గరే ఆగిపోయింది. ఆ రాత్రి ఆ ఆపరేటర్ ముందు రెండు దారులు ఉన్నాయి. పది అడుగుల దూరంలో ఉన్న మీ దగ్గరికి వచ్చి ‘సార్, 68కి పోయింది’ అని చెప్పవచ్చు, లేదా అబద్ధం రాసి తెల్లవారేదాకా గుండె దడతో కూర్చోవచ్చు. ఆయన రెండోదే నయమనుకున్నారు. మీ జట్టుకు బద్ధకం పట్టిందని మీరు అనుకుంటున్నారు గానీ, నాకు కనిపిస్తున్న జబ్బు మౌనం. మీరు రాసిన మిగతా ఇబ్బందులన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే.

ఈ మాట ఇంత ధీమాగా అనడానికి కారణం, ఈ నగరంలోనే మందుల పరిశ్రమలో 30 ఏళ్లకు పైగా పనిచేసిన నేను కూడా సరిగ్గా ఇదే తప్పు చేయడం. నాకు 29 ఏళ్లప్పుడు పాశమైలారంలోని ఒక యూనిట్‌లో షిఫ్ట్ చూసేవాణ్ని. ఒక రాత్రి సెంట్రిఫ్యూజ్ ఆపరేటర్ ఏదో శబ్దం వస్తోందని మిషన్ ఆపేశాడు. మెయింటెనెన్స్ వాళ్లు వచ్చి చూసి ఏమీ లేదన్నారు. రెండు గంటలు పోయాయి. పొద్దున పై వాళ్లకు లెక్క చెప్పుకోవాలన్న కంగారులో అతన్ని నలుగురి ముందూ నానా మాటలు అన్నాను. నెల తిరగకుండానే మళ్లీ అదే శబ్దం వచ్చింది. ఈసారి అతను ఆపలేదు. బేరింగ్ పోయి, బాస్కెట్ కేసింగ్‌కు రాసుకుని, నిప్పురవ్వలు లేచాయి. లోపల ఉన్నది సాల్వెంట్‌తో (తేలిగ్గా అంటుకునే ద్రావకంతో) తడిసిన కేకు, అంటే మందు ముద్ద. మంటను రానివ్వని నైట్రోజన్ వాయువు సరిగా నడుస్తుండబట్టి ఆ రాత్రి ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకు ఆపలేదని అడిగితే అతను తల వంచుకుని అన్న మాట ఇన్నేళ్లయినా నా చెవుల్లో ఉంది: ‘ఆపితే మీరు తిడ్తరు సార్. ఆపకుంటే ఏమైతదో ఎరుకలేదు గద, చూద్దామనుకున్న.’ ప్రాణం పోయే ప్రమాదం కన్నా నా తిట్టే అతనికి దగ్గరగా, ఖాయంగా కనిపించింది. ఆ ఎంపిక చేసుకునేలా అతన్ని తయారుచేసింది నేనే.

ఈ విషయం మీద హార్వర్డ్‌లో పరిశోధన చేసిన ఎమీ ఎడ్మండ్‌సన్ కథ మీకు ఉపయోగపడుతుంది. 1990 దశకంలో ఆమె ఆస్పత్రుల్లోని నర్సుల జట్లను పరిశీలిస్తూ, ఐకమత్యంగా పనిచేసే జట్లలో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లు తక్కువగా ఉంటాయని అనుకున్నారు. లెక్కలు చూస్తే తలకిందులుగా వచ్చాయి. మంచి జట్లలోనే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. తరచి చూస్తే తేలిందేమిటంటే, ఆ జట్లలో జరిగిన పొరపాటును జరిగినట్టు చెప్పే ధైర్యం ఉంది, మిగతా చోట్ల దాచేస్తున్నారు. తర్వాత 1999లో ఒక తయారీ సంస్థలోని జట్ల మీద చేసిన అధ్యయనంలో కూడా, తప్పు ఒప్పుకున్నా తల దించుకోవలసిన అవసరం రాదన్న నమ్మకం ఉన్నచోట మనుషులు నేర్చుకుంటారనీ, పని మెరుగవుతుందనీ ఆమె చూపించారు. కాబట్టి మీ షిఫ్టులో డీవియేషన్లు (నిర్ణీత పద్ధతి తప్పిన సందర్భాల నమోదు) తక్కువగా ఉన్నాయంటే సంతోషించే ముందు, అవి జరగడం లేదా, మీ దాకా రావడం లేదా అని ఒకసారి ఆలోచించండి.

ఇక కఠినమా, మెతకతనమా అన్న ప్రశ్న. మీ మేనేజర్ చెప్పిన గట్టితనం దేనిలో చూపాలన్నదే అసలు విషయం. 1930ల చివర్లో అమెరికాలోని అయోవాలో మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్, ఆయన సహచరులు పదేళ్ల వయసు మగపిల్లలను చిన్న చిన్న బృందాలుగా చేసి, మాస్కుల తయారీ వంటి పనులు అప్పగించి, పెద్దవాళ్లు నడిపించే తీరు మారితే పిల్లల తీరు ఎలా మారుతుందో గమనించారు. ప్రతి పనీ ఆజ్ఞాపించి చేయించే పెద్దాయన గదిలో ఉన్నంతసేపూ ఆ బృందం బాగానే పనిచేసింది. ఆయన బయటికి వెళ్లగానే పని కుంటుపడింది. ఏం చేయాలో పిల్లలతో మాట్లాడి నిర్ణయించిన బృందం మాత్రం పెద్దాయన లేకపోయినా పని సాగించింది. ‘నేను నిలబడితే జరుగుతుంది, తిరిగితే ఆగుతుంది’ అని మీరు రాసినది చదవగానే నాకు గుర్తొచ్చింది ఆ పిల్లల గదే. మీరు గొంతు పెంచితే మీ ఎదుట జరిగే పని పెరుగుతుంది. మీరు వెనుదిరిగాక జరిగేది పెరగదు. 8 గంటల షిఫ్టులో 14 మంది పక్కన ఎవరూ నిలబడలేరు.

అయితే దీన్నిబట్టి అన్నిటినీ చూసీ చూడనట్టు వదిలేయమని నేను చెప్పడం లేదు. ఒక్క విషయంలో మీరు రాయిలా ఉండాలి. వాల్వు పూర్తిగా మూయకపోవడం పొరపాటు. చూసిన అంకె ఒకటి, రాసిన అంకె మరొకటి కావడం మోసం. అది మనం తయారుచేసే మందు వేసుకునే రోగికి, ఆ తర్వాత కంపెనీకి, చివరికి రాసినవాడికి కూడా చేటు. యూఎస్ఎఫ్‌డీఏ (అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ) తనిఖీల్లో రికార్డుల నిజాయతీ మీద వచ్చే అభ్యంతరాలు ఒక ప్లాంటును ఎంత కుదిపేస్తాయో మీకు నేను చెప్పనక్కరలేదు. మీ జట్టుతో ఈ తేడాను స్పష్టంగా, ఒకే మాటగా చెప్పండి: ‘జరిగిన పొరపాటు వెంటనే చెబితే నేను మీతో నిలబడి డీవియేషన్ రాయిస్తాను, మేనేజర్ గదిలోకి నేనే వెళ్తాను. దాచి తప్పుడు అంకె రాస్తే నేను కాపాడను, కాపాడలేను.’ చెప్పిన తర్వాత రెండు వైపులా మాట నిలబెట్టుకోవాలి. పొరపాటు ఒప్పుకున్న మొదటి మనిషికి మీ వల్ల దెబ్బ తగిలిందా, ఇక ఆ షిఫ్టులో రెండో మనిషి నోరు విప్పడు.

ఈ మాట చెప్పే అర్హత రావాలంటే ముందు మీరు ఒక బాకీ తీర్చాలి. ఆ హెల్పర్ మీద అందరి ముందూ అరిచారు కాబట్టి, క్షమాపణ కూడా అందరి ముందే చెప్పాలి. పక్కకు పిలిచి భుజం తట్టి ‘ఏమనుకోకు’ అంటే సరిపోదు, ఎందుకంటే ఆనాడు అవమానపడింది అతనొక్కడైనా భయపడింది 14 మందీ. షిఫ్టు మొదలయ్యే ముందు అందరూ గుమిగూడినప్పుడు మూడు మాటల్లో చెప్పండి: ‘ఆ రోజు నేను అరవడం తప్పు. పని గురించి చెప్పాల్సింది విడిగా చెప్పి ఉండాల్సింది. ఇకపై అలా జరగదు.’ ఆ వెంటనే ‘కానీ నువ్వు కూడా’ అని మొదలుపెట్టకండి. ఆ ఒక్క ‘కానీ’తో చెప్పినదంతా బూడిదలో పోసిన పన్నీరు అవుతుంది. ఇలా చేస్తే చులకన అవుతానేమో అని మీకు అనిపించవచ్చు. సెంట్రిఫ్యూజ్ ఆపరేటర్‌కు నేను అలా క్షమాపణ చెప్పిన తర్వాత నా హోదా తగ్గిన జ్ఞాపకం నాకు లేదు. అతను ఆ ఏడాది మరో మూడుసార్లు మిషన్ ఆపాడు. అందులో ఒకసారి నిజంగానే కారణం ఉంది.

ఇప్పుడు మీ సీనియర్ ఆపరేటర్ గారి దగ్గరికి వద్దాం. ఇది మీరు అనుకుంటున్న దానికన్నా పెద్ద విషయం. మన దగ్గర పిలుపు వట్టి పిలుపు కాదు. 8 ఏళ్లు ‘అన్నా’ అని పిలిచి, ఒక కాగితం చేతికి రాగానే పేరు పెట్టి పిలిచినప్పుడు ఆయనకు వినిపించింది తన పేరు కాదు, ‘ఇన్నాళ్లూ నిన్ను గౌరవించింది నీ అవసరం కోసమే’ అన్న మాట. బహుశా మీరు కొత్తగా చేరినప్పుడు రియాక్టర్‌కు (రసాయన చర్య జరిగే పాత్రకు) ఆవిరి ఎంత తెరవాలో, దాని చుట్టూ ఉండే జాకెట్‌లోకి బ్రైన్ (చల్లటి ఉప్పునీరు) ఎప్పుడు వదలాలో చేయిపట్టి చూపించింది ఆయనే అయి ఉంటారు. ఆయనకు డిగ్రీ లేకపోబట్టి ఇన్‌చార్జి పదవి రాలేదు, మీకు వచ్చింది. అది ఆయన తప్పూ కాదు, మీ తప్పూ కాదు. కానీ ఆ బాధ ఉంటుందని మీరు గుర్తించినట్టు ఆయనకు తెలియాలి.

రేపే మళ్లీ ‘అన్నా’ అని పిలవడం మొదలుపెట్టండి. అందరి ముందూ అలాగే పిలవండి. అయితే అంతటితో ఆయన కరిగిపోతారని ఆశించకండి. పోయిన మర్యాద పిలుపుతో పోయినా, రావడానికి పని కావాలి. డ్యూటీ దిగాక గేటు బయట చాయ్ దగ్గర కూర్చుని, ‘అన్నా, ఈ ఐదు నెలలు నేను సరిగా ఉండలేదు. ఈ బ్లాకులో ఏ రియాక్టర్ ఎప్పుడు మొండికేస్తుందో నీకు తెలిసినంత నాకు తెలియదు. ఈ షిఫ్టు నడపాలంటే నాకు నీ సాయం కావాలి’ అని చెప్పండి. ఆ తర్వాత ఊరుకోండి. ఆయన మాట్లాడేదాకా మీరు మాట్లాడకండి. ఎంత కష్టమైనా ఆ నిశ్శబ్దాన్ని మీరు పూరించవద్దు. ఆయన చెప్పేవాటిలో మీ మీద ఫిర్యాదులు ఉంటాయి. సంజాయిషీ ఇచ్చుకోకుండా వినండి. ఆయన ముందు కాకపోయినా ఇంటికి వెళ్లాక కాగితం మీద రాసుకోండి.

వినడంతో పాటు చేతికి నిజమైన బాధ్యత ఇవ్వాలి. కొత్త హెల్పర్లకు పని నేర్పే బాధ్యత ఆయనకు అప్పగించి, ఆయన ‘ఇతను సిద్ధం’ అన్న తర్వాతే ఆ మనిషిని విడిగా రియాక్టర్ దగ్గర నిలబెట్టండి. ఆయనకు అనుమానం వస్తే మిమ్మల్ని అడగకుండానే ఛార్జింగ్ (రియాక్టర్‌లో ముడిసరుకు వేయడం) ఆపే స్వేచ్ఛ ఇవ్వండి, ఆ సంగతి మీ మేనేజర్‌కు కూడా ముందే చెప్పి ఉంచండి. పేరుకు పెద్దరికం ఇచ్చి నిర్ణయాలన్నీ మీ దగ్గరే పెట్టుకుంటే ఆయన ఒక్క పూటలో కనిపెట్టేస్తారు. ఇన్ని చేసినా ఆయన మిగతావాళ్ల దగ్గర మీ మాటకు అడ్డుపడుతూ ఉంటే, అప్పుడు మళ్లీ విడిగా కూర్చుని, ‘అన్నా, నాతో పేచీ ఉంటే నాతో తేల్చుకుందాం, పిల్లలను మధ్యలోకి తేవద్దు’ అని సూటిగా అడగండి. గౌరవం ఉన్నచోట సూటిదనం గాయపరచదు.

వాట్సాప్ సంగతి. ‘ఓకే సార్’ అంటే ‘మెసేజ్ వచ్చింది’ అని మాత్రమే అర్థం. అర్థమైందని గానీ, చేస్తామని గానీ కాదు. పైగా సగం మందికి తెలుగు చదవడం రాని జట్టుకు మీరు ఏ భాషలో, ఏ లిపిలో సూచనలు పెడుతున్నారో ఒకసారి చూసుకోండి. జీతం, సెలవు, షిఫ్టు మార్పు వంటి సమాచారానికి గ్రూపు సరిపోతుంది. పని మారుతున్నదీ, ప్రమాదం ఉన్నదీ ముఖాముఖి చెప్పాలి. చెప్పాక ‘అర్థమైందా?’ అని అడగకండి, ఆ ప్రశ్నకు మన దగ్గర ఒకటే జవాబు. ‘ఉష్ణోగ్రత 58 దాటితే ముందు ఏ వాల్వు మూస్తావు? చూపించు’ అని అడగండి. ఒడిశా కుర్రాడు హిందీలో చెబుతూ చేత్తో చూపిస్తాడు. అప్పుడు తెలుస్తుంది మీ మాట ఎంతవరకు చేరిందో. అతను తప్పు వాల్వు చూపిస్తే అది మీరు చెప్పిన తీరులోని లోపమని ముందు అనుకోండి. మీకు హైదరాబాద్ హిందీ వస్తే మొహమాటపడకుండా దానిలోనే చెప్పండి. వ్యాకరణం కుదరకపోయినా తన భాషలో మాట్లాడటానికి మీరు పడే తంటా అతనికి కనిపిస్తుంది.

షిఫ్టు మారే సమయాన్ని మాత్రం అన్నిటికన్నా పవిత్రంగా చూసుకోండి. 1988 జూలై 6న స్కాట్లాండ్ దగ్గర ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫాం పేలి 167 మంది చనిపోయారు. పగటి షిఫ్టు వాళ్లు మరమ్మతు కోసం ఒక పంపు సేఫ్టీ వాల్వు తీసి, ఆ చోట తాత్కాలికంగా బ్లైండ్ (పైపును మూసే లోహపు పలక) బిగించారు. సాయంత్రానికి పని పూర్తి కాలేదు. ఆ వాల్వు లేదన్న సంగతి రాత్రి షిఫ్టు వాళ్లకు చేరలేదు. రాత్రి పదింటి ప్రాంతంలో రెండో పంపు మొరాయించడంతో, ఏమీ తెలియక ఈ పంపునే నడిపించారు. గ్యాస్ బయటికొచ్చి అంటుకుంది. కాగితం ఎక్కడో ఉంది, మనిషి నుంచి మనిషికి మాట మాత్రం అందలేదు. మీ దగ్గర దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ లాకర్ గదిలో కాకుండా రియాక్టర్ ముందే నిలబడి పది నిమిషాలు మాట్లాడుకునేలా చూడండి. ఏది నడుస్తోంది, ఏది ఆగింది, ఏది విప్పి ఉంది అన్నది దిగేవాళ్లు చెప్పాలి, ఎక్కేవాళ్లు దాన్ని తిరిగి చెప్పాలి. కంపెనీ బస్సు వెళ్లిపోతుందన్న తొందరే దీనికి అడ్డు అయితే, బస్సును పది నిమిషాలు ఆపించడం మీ మేనేజర్‌తో మీరు చేయాల్సిన పోరాటం.

ఇంక ఇన్సెంటివ్ విషయం. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిట్స్‌బర్గ్‌లో 200 మంది ఇంజనీర్లు, అకౌంటెంట్లతో మాట్లాడి, 1959లో ఒక సిద్ధాంతం చెప్పారు. జీతం, పని పరిస్థితులు, పైఅధికారి తీరు బాగాలేకపోతే మనిషికి అసంతృప్తి కలుగుతుంది, కానీ అవి బాగున్నంత మాత్రాన ఉత్సాహం రాదు. ఉత్సాహం వచ్చేది సాధించామన్న తృప్తి నుంచి, గుర్తింపు నుంచి, బాధ్యత నుంచి. మీ చేతిలో ఉన్నవి ఈ రెండో రకానివే కాబట్టి మీరు మరీ చేతులు కట్టుకుని కూర్చోవలసిన స్థితిలో లేరు. అయితే ఈ సిద్ధాంతాన్ని సగమే పట్టుకుని, మంచి మాటలతో కడుపు నింపవచ్చని అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. కాంట్రాక్టు కార్మికుడి ఓవర్‌టైమ్ డబ్బు రాకపోతే, గ్లవ్స్ చిరిగిపోయి ఉంటే మీ మెచ్చుకోలు అతనికి ఎగతాళిలా వినిపిస్తుంది. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం చట్టం ఇచ్చిన హక్కు. అది అందుతోందో లేదో కనుక్కోవడం మీ పని కాదని ఎవరైనా అన్నా నేను ఒప్పుకోను.

మీకు ఇచ్చే అధికారం లేకపోవచ్చు, అడిగే అధికారం ఉంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పనిచేయడం లేదనో, సేఫ్టీ షూ అరిగిపోయాయనో వాళ్లు చెప్పినది ఒక నోట్‌బుక్‌లో వాళ్ల ముందే రాసుకోండి. పైకి తీసుకువెళ్లండి. ఏం జరిగిందో తిరిగి వచ్చి చెప్పండి. ‘అడిగాను, ఈ నెల బడ్జెట్ లేదన్నారు, వచ్చే నెల మళ్లీ అడుగుతాను’ అని చెప్పినా సరే. జవాబు రాని విన్నపమే మనిషిని చల్లబరుస్తుంది. అలాగే మెచ్చుకునేటప్పుడు ‘గుడ్, గుడ్’ అని దాటవేయకుండా చూసినది చూసినట్టు చెప్పండి: ‘నిన్న రాత్రి రెండింటికి స్టీమ్ ప్రెషర్ పడిపోతుంటే నువ్వు ముందే గమనించి బాయిలర్ వాళ్లకు ఫోన్ చేశావు, అందుకే బ్యాచ్ నిలబడింది.’ తన పనిని ఒకరు ఇంత దగ్గరగా చూశారని తెలిసినవాడు, మీరు లేనప్పుడు కూడా ఆ పనిని అలాగే చేస్తాడు.

నాయకత్వం పుట్టుకతో రావాలా అని అడిగారు. అక్కర్లేదు. గొంతు, ఆకారం, చలాకీతనం కొందరికి పుట్టుకతో రావచ్చు గానీ, వినడం, మాట నిలబెట్టుకోవడం, తప్పు ఒప్పుకోవడం నేర్చుకుంటే వచ్చేవే.

మీ మేనేజర్‌తో మాత్రం ముందుగానే ఒక మాట అనుకోండి. మీరు ఈ దారిలో నడిస్తే వచ్చే రెండు మూడు నెలల్లో మీ షిఫ్టులో నమోదయ్యే డీవియేషన్లు తగ్గవు, పెరుగుతాయి. ఇన్నాళ్లూ లోపల దాగినవి బయటికి వస్తాయి. ఆయనకు ఇది ముందే తెలియకపోతే, మీ మెతకతనం వల్లే షిఫ్టు పాడైందని అనుకుని మిమ్మల్ని మళ్లీ పాత దారిలోకి నెడతారు. ‘ఇంప్యూరిటీ ల్యాబులో బయటపడటం కన్నా రాత్రే నాకు తెలిస్తే బ్యాచ్‌ను కాపాడే అవకాశం ఉండేది’ అని ఆ 68 డిగ్రీల ఉదాహరణతోనే చెప్పండి. ఉత్పత్తి లెక్క చూసే మనిషికి ఈ మాట త్వరగా ఎక్కుతుంది.

క్షమాపణ ఈ వారమే చెప్పండి, నైట్ షిఫ్టు మీ వంతు రాకముందే. ఆ తర్వాత ఏదో ఒక రాత్రి మూడింటికి ఎవరో ఒకరు మీ టేబుల్ దగ్గరికి వచ్చి, చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడతారు. ‘ఎవరు చేశారు?’ అని అడగకండి. ‘ఇప్పుడు ఎంత ఉంది?’ అని అడుగుతూ లేచి, అతనితో పాటు రియాక్టర్ దగ్గరికి నడవండి. మీ అన్నగారు చాయ్ దగ్గర ఏమన్నారో వీలైతే నాకు రాయండి.